లీటరుకు పది

మా మామగారు జర్మనీలో దిగిన రోజు, ఎయిర్‌పోర్టు పార్కింగులో నా బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, టైరును కాలితో తట్టి, "లీటరుకి ఎంతిస్తది అల్లుడు గారూ?" అని అడిగారు. ఐదో నెల కడుపుతో కూతురు పక్కనే నిలబడి ఉంది. ఆమెను ఎలా ఉన్నావని అప్పటికింకా అడగలేదు.

"ముందు నన్ను చూడు నాన్నా," అంది నా భార్య.

"చూశాలేమ్మా, బానే ఉండావు. దీని సంగతి తేలనీ."

దాని సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిందే. అదొక పాత డీజిల్ పికప్పు. దాని తొట్టిలో ఒక క్యాంపర్ గది కూర్చోబెట్టి ఉంటుంది. మంచం, గ్యాసు పొయ్యి, సింకు, నీళ్ళ ట్యాంకు అన్నీ అందులోనే. రిటైరైన ఒక జర్మన్ పెద్దాయన దగ్గర కొన్నాను. బ్లూ కార్డు మీద, అంటే ఇక్కడి ఉద్యోగ వీసా మీద, వచ్చిన రెండో ఏడు అది. మా బిల్డింగులోని తెలుగు స్టూడెంట్లు దాన్ని డబ్బా ఇల్లు అనేవాళ్ళు. ముగ్గురు కలిసి ఒక్క గదిలో ఉండేవాళ్ళు పాపం, మాకు అద్దెకిచ్చినా బాగుండునన్నా అని హాస్యమాడేవాళ్ళు.

ఇంకో తమాషా ఏమిటంటే నా ఉద్యోగమే ఇంజన్ల తాగుడు లెక్క. జిండెల్ఫింగెన్‌లో ఒక చిన్న ఇంజనీరింగ్ ఆఫీసులో కూర్చుని ఏ వేగంలో, ఏ గేరులో ఎంత డీజిల్ పోతుందో లెక్క తీసి చెప్పాలి. అలాంటివాణ్ణి, గాలికి ఎదురుగా బీరువా మోసుకుపోయినట్టుండే బండి కొన్నాను. ఆఫీసులో నవ్వని వాడు లేడు.

"వందకి పద్నాలుగు," అన్నాను మామగారితో. ఇక్కడ వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అని లెక్క.

ఆయన కళ్ళు మూసుకుని మనసులో తిప్పి చూసుకున్నారు. "అంటే ఏడు. లీటరుకి ఏడు! నా బస్సు యాభై మందిని ఎక్కించుకుని ఐదున్నర తెచ్చేది. దీనికి సిగ్గుండాల."

ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు సర్కారు బస్సు నడిపారు. అందులో ఎక్కువ కాలం శ్రీశైలం ఘాట్ రోడ్డు మీదే. ఆ డిపోలో నెలకోసారి నోటీసు బోర్డు మీద ప్రతి డ్రైవరు పేరు ఎదురుగా లీటరుకి ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడో రాసేవారట. పైనుంచి రెండో వరస కిందికి ఆయన పేరు ఎన్నడూ దిగలేదు. దానికంటే పెద్ద గర్వం ఇంకోటుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క యాక్సిడెంటు లేదు. రిటైరైన రోజు డిపో వాళ్ళు ఇచ్చిన షీల్డు ముందుగదిలో దేవుడి పటాల వరసలోనే ఉండేది. కొత్తవాళ్ళెవరైనా ఇంటికి వస్తే ఆయన మంచినీళ్ళిచ్చి, వాళ్ళు దాన్ని చూసేదాకా మాట మొదలుపెట్టేవారు కాదు.

ఆయనకూ నాకూ మాటలు తక్కువ. కూతురు తనే వెతుక్కున్న మొగుణ్ణి నేను. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆయన నాతో మాట్లాడినదంతా కలిపి రాస్తే ఒక పోస్టుకార్డు చాలు. అత్తగారు పోయాక మరీ ముడుచుకుపోయారు. కూతురు పోరు పడలేక రెండు నెలలకని బయలుదేరారు. కాన్పుకు మళ్ళీ వస్తానని ముందే మాట ఇచ్చేశారు.

ఆ దిక్కుమాలిన బండి మమ్మల్ని కలిపింది. మర్నాడు పొద్దున్నే ఆయన చొక్కా చేతులు మడిచి దాని కిందికి దూరారు. పైన సైకిళ్ళ స్టాండు పీకించారు. నీళ్ళ ట్యాంకు ఖాళీ చేయించారు. "ఎక్కడ ఆగినా నీళ్ళు దొరికే దేశంలో వంద లీటర్లు ఎందుకు మోస్తారండీ ఊరికే?" టైర్లలో గాలి నింపించారు. భోజనాల సామాను గదిలో ముందువైపుకి సర్దించారు. నా భార్య కిటికీలోంచి చూసి, "ఇద్దరికీ పిచ్చి ముదిరింది," అని నవ్వింది. చాలా రోజుల తర్వాత తను అంతగా నవ్వింది.

వారాంతాల్లో ఇద్దరం బయలుదేరేవాళ్ళం. లక్ష్యం పది. వందకి పది లీటర్లంటే లీటరుకి పది కిలోమీటర్లు. ఆయన లెక్కలోనూ నా లెక్కలోనూ ఒకటే అయ్యే అంకె అదొక్కటే. పొద్దున ట్యాంకు నింపడం, ఎనభై దాటకుండా పోవడం, సాయంత్రం అదే బంకులో అదే పంపు దగ్గర మళ్ళీ నింపి చూసుకోవడం. మొదటి వారం పదకొండున్నర వచ్చింది. రెండో వారం పది పాయింట్ ఎనిమిది. ఆయన నా భుజం తట్టి, "కాలు బాగుంది మీది, తొక్కుడు తెలుసు," అన్నారు. నా పీహెచ్‌డీ గైడు మెచ్చుకున్నప్పుడు కూడా నాకంత పొంగు రాలేదు.

అప్పుడప్పుడూ ఆయనా నడిపేవారు. వచ్చేటప్పుడే ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చుకున్నారు. మనిషి పొట్టి, నేను ఆరడుగులు. ఆయన ఎక్కితే సీటు పూర్తిగా ముందుకి లాక్కుని, కింద ఒక దుప్పటి నాలుగు మడతలు వేసి కూర్చోవాలి. మళ్ళీ నేను ఎక్కితే సీటు పూర్తిగా వెనక్కి, దుప్పటి గదిలోని అలమారలోకి. మారిన ప్రతిసారీ ఇదొక కార్యక్రమం.

దారి పొడుగునా వాదనలే. వాలులో గేరులోనే ఉంచి కాలు తీసేస్తే ఈ ఇంజను చుక్క డీజిల్ కూడా తీసుకోదని నేను చెబితే చిన్నపిల్లాడిలా నోరు తెరిచారు. "అయితే న్యూట్రల్ దండగేనా?" అన్నారు. కాదు, సన్నటి వాలులో న్యూట్రలే ఎక్కువ దూరం పోతుంది, గేరులో ఇంజను పట్టి లాగుతుందని వివరించాను. "అదే గదా నేను చేసింది. స్టాపు ముందు, చదునులో. ఘాట్‌లో మాత్రం చచ్చినా గేరు తియ్యలా. ఘాట్‌లో న్యూట్రల్ ఏసినోడు డ్రైవరు కాదండీ, హంతకుడు." ఆ మాట ఆయన తేలిగ్గా అనలేదు. వాళ్ళ డిపోలో అలా ఒక బస్సు పోయిందట. ఆ డ్రైవరు పేరు ఇప్పటికీ ఎవరూ పలకరట.

మూడోసారి బ్లాక్ ఫారెస్ట్ వైపు వెళ్ళాం. జూన్ నెల, శనివారం, ఎండ. వికారంగా ఉందని నా భార్య ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున కొంచెంసేపు ఆయన నడిపారు. చెరువు గట్టున పులిహోర తిన్నాక నేను కూర్చున్నాను. తిరుగు ప్రయాణంలో స్టీరింగు ముందున్న తెర మీద సగటు పది పాయింట్ ఒకటి చూపిస్తోంది. ముందు ఒక దిగుడు, ఆ కింద ఒక ఊరు, ఆ తర్వాత బంకు. అంతే.

కొండపైన రోడ్డు సన్నగా వాలింది. నేను న్యూట్రల్ వేశాను. బండి నిశ్శబ్దంగా జారుతోంది. ఆయన ముందుకి వంగి రోడ్డు చూశారు.

"ఈ వాలు మనకి తెలీదు అల్లుడు గారూ. గేరులో పెట్టండి."

"రెండు మలుపులే మావయ్యా. పది వచ్చేస్తుంది."

పక్కన బోర్డు ఉంది. ఎర్ర త్రికోణం, అందులో పద్నాలుగు శాతం, అంటే నిటారు దిగుడు. చూడలేదని అబద్ధమాడను. చూశాను. ఇలాంటి బోర్డులకి ఎంత బరువైతే ఎంత వేగం వస్తుందో ఆఫీసులో లెక్కలు వేసి జీతం తీసుకునేవాణ్ణి. కళ్ళు నెత్తికెక్కితే చదువు ఎందుకు పనికొస్తుంది? నాకు ఆయన చేత శభాష్ అనిపించుకోవాలని ఉంది. అంత చిన్న కోరిక.

మొదటి మలుపు తర్వాత రోడ్డు ఒక్కసారిగా కిందికి దిగింది. బ్రేకు తొక్కాను, పట్టింది. మళ్ళీ తొక్కాను. మూడు టన్నుల పైబడిన బరువు వెనకనుంచి నెడుతోంది. కాలిన వాసన వచ్చింది. తర్వాత పెడల్ మెత్తగా కిందికి దిగిపోయింది.

"గేరు వెయ్యరా!" అని అరిచారాయన. "రెండో గేరు వెయ్యరా, వెయ్యి!"

నన్ను ఆయన రా అనడం అదే మొదలు, అదే ఆఖరు. రెండో గేరు పడలేదు, కరకరమంది. మూడూ పడలేదు. ఆయన చెయ్యి నా చేతి మీద పడి, ఇద్దరం కలిసి నాలుగులోకి తోశాం. అప్పటికి ఇళ్ళు వచ్చేశాయి. కుడిపక్క రాతిగోడ ఉంది, దానికి రాపిడి పెట్టాలని స్టీరింగు తిప్పాను. గేటు ముందు ఒక పెద్దావిడ చెత్తడబ్బాను రోడ్డు పక్కకి నెట్టుకొస్తోంది. బండి గోడను రాసుకుంటూ పోయి డబ్బానూ ఆవిణ్ణీ కొట్టి ఆగింది.

నేను దిగాను. నా ఒంటి మీద గీత పడలేదు. మామగారు అప్పటికే ఆవిడ పక్కన మోకాళ్ళ మీద ఉన్నారు. తన మెడలోని తువ్వాలు ఆవిడ తల కింద పెట్టారు. ఆవిడ మూలుగుతోంది. బతికి ఉంది. నేను అంబులెన్సుకి ఫోను చేశాను. వీధిలో ఇంకెవ్వరూ లేరు.

ఫోను పెట్టేసరికి ఆయన లేచి నా దగ్గరికి వచ్చారు. గొంతు మామూలుగానే ఉంది.

"ఎవరడిగినా నడిపింది నేను."

"ఏంటి మావయ్యా మీరు..."

"మీకు వచ్చే నెల టెర్మిన్ ఉంది గదా. కేసు పడితే కార్డు పోతది అన్నారు గదా మీ వాళ్ళు. బిడ్డ పుట్టే టైమ్‌లో సామాను సర్దుకుని ఎక్కడికి పోతారు? నాకేముంది ఇక్కడ? నా దగ్గర పీక్కునేదానికి ఏముంది?"

నిజమే, అలా అన్నది మేమే. బ్లూ కార్డు మీద వచ్చినవాళ్ళం ఎక్కడ నలుగురు కూడినా అదే మాట. పోలీసు కేసు ఒక్కటి పడితే చాలు, శాశ్వత కార్డు రాదు, ఉన్నదీ పోతుంది అని. ఫలానా వాడికి అలా అయిందట, ఫలానా వాడు విమానం ఎక్కేశాడట. ఎవరూ ఆ ఫలానా వాణ్ణి చూసినవాళ్ళు కారు. మా ఇంట్లో ఆయన ముందే ఆ కబుర్లు చెప్పుకున్నాం, కాఫీలు తాగుతూ. వచ్చే నెల నా శాశ్వత కార్డుకి టెర్మిన్, అంటే ఆఫీసు వాళ్ళు రమ్మని ఇచ్చిన తేదీ. దాని కోసం ఏడు నెలలు ఎదురుచూశాను.

పోలీసులు ఇద్దరు వచ్చారు. చిన్నవాడు నన్ను జర్మన్‌లో అడిగాడు, "బండి ఎవరు నడిపారు?" మామగారికి భాష రాదు కానీ ప్రశ్న అర్థమైంది. చెయ్యెత్తారు. పోలీసు నావైపే చూస్తున్నాడు, అనువాదం నా నోటినుంచే రావాలి కనుక.

"మా మామగారు," అన్నాను.

ఆయన చెప్పిందంతా నేను జర్మన్‌లోకి మార్చాను. బ్రేకులు అందలేదని చెప్పారు, మార్చాను. ఎంత వేగమో చూడలేదని చెప్పారు, మార్చాను. ఎన్నేళ్ళుగా డ్రైవింగ్ చేస్తున్నారని అడిగారు. "ముప్పై ఒక్క ఏళ్ళు, బస్సు," అన్నారాయన. అది ఒక్కటే నిజం. దాన్ని కూడా నేనే చెప్పాను.

గోడ దెబ్బకి నా మెడ పట్టేసిందని ఆ రాత్రి నన్ను ఆసుపత్రిలో ఉంచారు. బండిని లాక్కెళ్ళిన యార్డుకి మర్నాడు నా భార్యే స్నేహితురాలితో వెళ్ళి, గదిలోని సామాను తెచ్చింది. నేను ఇంటికి వచ్చేసరికి ఆ దుప్పటి ఉతికి తీగ మీద ఆరేసి ఉంది.

"దుప్పటి వెనక అలమారలో దొరికింది," అంది, నా మొహంలోకి చూస్తూ.

"ఊఁ," అన్నాను. తను వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బండి తగిలిన పెద్దావిడకి తుంటి ఎముక విరిగింది. రెండు ఆపరేషన్లు అయినా చక్రాల స్టాండు పట్టుకోకుండా మళ్ళీ నడవలేదు. ఒకసారి పూలు పట్టుకుని చూడటానికి వెళ్ళాను. "ఆ పెద్దాయన ఎలా ఉన్నాడు? నా చెయ్యి వదల్లేదు పాపం," అంది. "నాకు కోపం లేదని చెప్పు ఆయనతో." నేను తల ఊపి, పూలు బల్ల మీద పెట్టి, మెట్లు దిగి వచ్చి వీధిలో కూర్చుని ఏడ్చాను. ఏడ్చి ఏం లాభం? వెనక్కి వెళ్ళి నిజం చెప్పలేదు కదా.

టెర్మిన్ రోజు కార్డు మంజూరైంది. మామగారే రవ్వకేసరి చేసి పెట్టారు. తర్వాత పది రోజులకి వెళ్ళిపోయారు. జరిమానా కట్టమని కోర్టు శిక్ష కాగితం ఆయన పేరున మా అడ్రసుకి వచ్చింది. ఫోనులో చదివి వినిపించాను.

"అందులో డ్రైవరు అని రాశారా?" అని అడిగారు.

"రాశారు మావయ్యా."

"ఊఁ," అన్నారు. "సరే, అమ్మాయి అన్నం తింటా ఉందా?"

కాన్పుకి రావాలని పెట్టుకున్న వీసా ఆ కేసు చూపించి తిరస్కరించారు. మనవరాల్ని ఆయన ఫోను తెరలోనే చూశారు. ఆ చలికాలంలోనే ఇన్సూరెన్సు పని మీద ఒక లాయరు దగ్గరికి వెళ్ళి, ఎవరి సంగతో అన్నట్టుగా అడిగాను, ఇలాంటి కేసులో కార్డు పోతుందా అని. ఆ లాయరమ్మ ఆశ్చర్యంగా చూసింది. కేసు తేలేదాకా ఆగుతుంది, కొన్ని నెలలు ఆలస్యమవుతుంది, ఇంత చిన్న శిక్షకి పోవడం ఎందుకు అంది. కొన్ని నెలలు! ఆ కొన్ని నెలల కోసం ఆ మనిషి జీవితమంతా కాపాడుకున్నది తీసి నా చేతిలో పెట్టాడు, నేను పుచ్చుకున్నాను. ఆ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు.

పాపకి ఏడాది నిండాక ముగ్గురం వెళ్ళాం. ముందుగదిలో దేవుడి పటాల పక్కన మేకు మాత్రమే ఉంది. షీల్డు పాత బట్టల పెట్టెలో ఉందని పక్కింటావిడ చెప్పింది. డిపోకి ఆయనే స్వయంగా వెళ్ళి, జర్మనీలో యాక్సిడెంటు చేశానని అందరికీ చెప్పి వచ్చారట. ఏటా ప్రమాదం లేని డ్రైవర్లకి సన్మానం చేసి ముందు వరసలో కూర్చోబెడతారు. ఆ ఏడు పిలిచినా పోలేదట.

పాపని ఆడిస్తూ వాకిట్లో ఉన్నప్పుడు దగ్గరికి వెళ్ళి, "మావయ్యా, అది మళ్ళీ గోడకి పెట్టండి. మనకి తెలుసు కదా," అన్నాను.

"కాగితంలో నా పేరుంది గదండీ," అన్నారు, నా వైపు చూడకుండా. "చెప్పిన మాట మీద నిలబడాల గదా. సగం అబద్ధం ఎవరు నమ్ముతారు?"

అంతటితో ఆ మాట మా ఇద్దరి మధ్యా అయిపోయింది. మరుసటి ఏడు గుండెపోటుతో పోయారు. మేము చేరేసరికి దహనం కూడా అయిపోయింది.

పదకొండో రోజున డిపో హాల్లో సంతాపసభ పెట్టారు. ఖాకీ చొక్కాల ముసలివాళ్ళు ముప్పై మంది దాకా వచ్చారు. నేను రెండో వరసలో కూర్చున్నాను. పక్కన నా భార్య, తన ఒళ్ళో పాప. ఆయనతో ఇరవై ఏళ్ళు ఒకే రూటులో నడిపిన పెద్దాయన మైకు పట్టుకున్నాడు. మంచి మనిషి, ఏడుస్తూనే మాట్లాడాడు. లీటరుకి ఆయనలాగా తెచ్చినవాడు మళ్ళీ పుట్టలేదన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఘాట్ మీద ఎవడికీ గోరంత దెబ్బ తగల్లేదన్నాడు. "ఆ జర్మనీలో ఒక్కటి జరిగింది. ఏదో వయసైపోయింది, ఊరుగాని ఊరు. దాన్ని మనం లెక్కలోకి తీసుకోవద్దు. అంతటి డ్రైవరు చెయ్యి కూడా ఒక్కసారి తప్పుద్ది గదా," అన్నాడు.

జేబులో శాశ్వత కార్డు ఉంది. లేచి చెప్పాలని తెలుసు. నేను నేలకేసి చూస్తూ కూర్చున్నాను.

నా భార్య లేచింది. పాపని చంకకి మార్చుకుంది.

"ఆ రోజు బండి నడిపింది మా నాన్న కాదు బాబాయ్," అంది.

పెద్దాయన మైకు దించాడు. "నీకెట్ట తెలుసమ్మా? నువ్వు లేవు గదా అందులో."

"బండిలో సామాను తెచ్చింది నేనే. నాన్న సీటు ముందుకు లాక్కుని, కింద దుప్పటి మడత వేసుకుంటే గానీ నడపలేడు. సీటు పూర్తిగా వెనక్కి ఉంది. దుప్పటి వెనక అలమారలో ఉంది." తను నా వైపు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. "ఇన్నాళ్ళూ నువ్వే చెప్తావని చూశాను."

ముప్పై తలలూ నా వైపు తిరిగాయి. అప్పుడు లేచాను. తిడతారనుకున్నాను, కొడతారేమో అని కూడా అనుకున్నాను. పెద్దాయన మైకు కుర్చీలో పెట్టేసి, మా వరస దగ్గరికి నడిచి వచ్చి, నా ఎదురుగా నిలబడ్డాడు. డ్రైవరు డ్రైవర్ని అడిగే ప్రశ్న ఒక్కటే అడిగాడు.

"బండి గేరులో ఉండిందా?"

"లేదు," అన్నాను. "న్యూట్రల్‌లో."